గాడి చివరిదాకా తిప్పిన పంపు

జలపాతం మలుపు దగ్గర బసీలియా కుతిపా బండిని ఒక ముసలాయన నడుచుకుంటూ దాటిపోయాడు.

ఆయనేమీ పరుగు తీయలేదు. భుజాన గోనెసంచీ, నెత్తిన చెవులు కప్పే ఉన్ని టోపీ, దాని మీద నల్లటి పాత హ్యాటు, తొందరా నిదానమూ తెలియని కొండదారి నడక. మార్పల్లా బండిలోనే ఉంది. మొదటి గేరులో, పెడలు నేలకి ఆనేదాకా తొక్కిపట్టినా, ఆ పాత జపాను వాగను వెనక తెల్లటి పొగ కక్కుతూ అలిసిన గాడిదలా ఒక్కో అడుగూ ఆలోచించుకుని వేస్తోంది.

"ఓసి నా తల్లో!" అంది వెనక సీట్లో కోకా ఆకుల మూటల మధ్య ఇరుక్కుని కూచున్న ప్రిమితీవా. వారానికోసారి లోయలో ఆకు కొని లా పాస్ బజారులో అమ్ముకునే మనిషి. బసీలియా మొగుడు ఫబియాన్ బతికున్న రోజుల నుంచీ ఈ బండికి వాడుక. "ముసలాయన మనల్ని దాటేశాడే! పిల్లా, దిగి ఆయన్నే అడుగు. మనిద్దర్నీ భుజాన ఎక్కించుకుంటాడేమో."

"నోరు మూసుకో అక్కా."

"మూసుకున్నా. నీ పొగకి ముక్కూ మూసుకున్నా, కళ్లూ మూసుకున్నా. ఇంక మూసుకోడానికి నా దగ్గరేం మిగల్లేదు."

ముసలాయన ఆగి, చెవి మీంచి టోపీ పైకి లాగి, బండి తన దాకా వచ్చేవరకూ చూశాడు. వచ్చాక డ్రైవరు కిటికీ పక్కన చేరి దానితో పాటే నడవడం మొదలుపెట్టాడు. దారిలో తెలిసినవాళ్లు కలిస్తే పక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకుంటారే, అలా.

"ఈ పొగ పొద్దుట స్టార్ట్ చేసినప్పట్నుంచీనా, వేడెక్కాక కూడానా?"

"నీకెందుకు తాతా?"

"ఊరికే అడిగా. కళ్లు మండుతున్నాయి. కళ్లు మండాయంటే డీజిలు కాలకుండా బయటికొస్తోందని. కింద ఎవరో పంపుని వెనక్కి తిప్పారు."

బసీలియా కాలు పెడలు మీద బిగుసుకుంది. నిన్న సాయంత్రమే లోయలో ఒక కుర్ర మెకానిక్కు దగ్గర తిప్పించింది మరి. "నువ్వు చూశావా?"

"విన్నాను. మోత మరీ మెత్తగా ఉంది. ఇంత ఎత్తున ఏ బండీ ఇంత మర్యాదగా మాట్లాడకూడదమ్మాయ్."

ఆమె బండి ఆపింది. ఆపిందనడం కంటే, ఆగిపోవాలనుకుంటున్న దాన్ని ఆగనిచ్చింది. ఎవరూ చెప్పకముందే ముసలాయన రోడ్డు వారనుంచి ఒక రాయి దొర్లించుకొచ్చి వెనక చక్రం కింద పెట్టాడు. గోనెసంచీ దించాడు. అందులో ఇనుము చప్పుడైంది.

ఆ కొండ మీదికి రాకపోకలు సాగించే డ్రైవర్లకు బండి ఆస్తి కాదు. ఆస్తి అంటే డ్రైవర్ల సంఘమైన సిండికేటు వరసలో చోటు. ఎవరి తర్వాత ఎవరు జనాన్ని ఎక్కించుకోవాలన్నది ఆ వరసే చెబుతుంది. వరసలో చోటున్నవాడికి ఇవాళ బండి లేకపోయినా రేపు ఎవరో ఒకరు నమ్మి ఇస్తారు. చోటు లేనివాడికి బంగారు బండి ఉన్నా స్టాండు దగ్గర నిలబడనివ్వరు. ఫబియాన్‌కి ఆ చోటు వాళ్ల నాన్న నుంచి వచ్చింది. కిందటి వానల్లో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఫబియాన్ పోయాక బసీలియాకి వచ్చింది. ఆడమనిషి స్టీరింగ్ పట్టుకుంటే బండికి సిగ్గేసి ఎక్కదని స్టాండులో ఒకడంటే, "నిన్ను చూసి నీ బండికి సిగ్గేయడం లేదుగా, నడుస్తూనే ఉంది" అని ఆమె అప్పట్లో అన్న మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నవ్వినవాళ్లే మొన్న సమావేశంలో కొత్త నియమానికి సరేనని చేతులెత్తారు. కార్యదర్శి దోన్ రెమీహియో నిలబడి చదివిన నియమం చిన్నదే. శనివారం మధ్యాహ్నం, లోయలోంచి మంచు లేచి దారిని కమ్మేలోపు, పాత బండ్లన్నీ నిండు బరువుతో కొండకొమ్మున అపచేత అనే రాళ్లగుట్ట దాకా ఎక్కిరావాలి. ఎవరూ తోయకూడదు, ఎవరూ లాగకూడదు. రాలేని బండికి వరసలో చోటుండదు. ఆ చోట్లోకి తెల్లటి కొత్త వ్యాన్లు వస్తాయన్నది ఎవరూ చదవలేదు, అందరికీ తెలుసు. దోన్ రెమీహియో మేనల్లుడు అప్పటికే ఒకటి కొని రంగు రిబ్బన్లు కట్టి పెట్టుకున్నాడు.

ఇవాళే ఆ శనివారం.

ఇదంతా బసీలియా చెబుతుంటే ముసలాయన బానెట్టు ఎత్తి, లోపలికి తొంగిచూస్తూ తల ఊపాడు. ఆయన పేరు ఇలారియో పోమా. ఆ పేరు వినగానే ప్రిమితీవా మూటల మధ్యనుంచి తల బయటపెట్టింది.

"పంపుల ఇలారియోవా? నువ్వు పోయావని చెప్పారే!"

"నాకూ చెప్పారు. నేను నమ్మలేదు."

"స్టార్ట్ చెయ్యమ్మాయ్," అన్నాడు బసీలియాతో. ఇంజను దగ్గుతూ లేచింది. ఆయన ఆయిలు పోసే మూత తిప్పి తీసి, ఆ రంధ్రం మీద అరచెయ్యి ఆన్చాడు. చంటిపిల్ల జ్వరం చూసినట్టు చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చేతి కిందనుంచి బుస్సు బుస్సుమని వేడి గాలి తన్నుకొస్తోంది. చెయ్యి తీసి, నూనె తుడుచుకుని, మూత బిగించాడు.

"రింగులు పోయాయి. పైకి నెట్టాల్సిన దమ్మంతా పిస్టన్ పక్కల్నుంచి కిందికి జారిపోతోంది. ఇంజను విప్పాలి."

"ఇవాళా?"

"ఇవాళ కాదు. చాలా ఏళ్ల కిందటే విప్పాల్సింది."

"మేస్త్రీ," అంది బసీలియా. తాత అనడం అప్పుడే మానేసింది. "అదిగో మంచు. జలపాతం అడుగుదాకా వచ్చేసింది. నాకు విప్పడాల సంగతి చెప్పకు. పంపు తిప్పు."

ఆయన ఆమె వైపు చూడలేదు. సంచీ మూతి తాడు విప్పుతూ, "అందరూ అదే అంటారు," అన్నాడు.

డీజిలు ఇంజను గుణం పెట్రోలుదానికి రాదు. ఇందులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిలు చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. ఎప్పుడు చిమ్మాలన్నదే పంపు పని. పిస్టన్ పైకొచ్చే క్షణానికి వెంట్రుకవాసి ముందు చిమ్మాలి. కొండ మీద గాలి పలచన, అంటుకోవడానికి ఆలస్యమవుతుంది. కాబట్టి మరో వెంట్రుకవాసి ముందు చిమ్మాలి. అందుకే ఆ దారి మీద పండిపోయిన మేస్త్రీలు లోయలో బండిని కాస్త దెబ్బలాడే మోతతోనే వదులుతారు. కింద కటకటమన్న ఇంజను పైకెక్కేకొద్దీ నెమ్మదిస్తుంది. కింద ఇంపుగా పాడినది పైన గొంతు పోగొట్టుకుంటుంది. బసీలియాకి ఇది తెలియనిది కాదు. కానీ పరీక్ష రోజున బండి మోత చూసి ఎవరూ వంక పెట్టకూడదని, పెళ్లిచూపులకి పిల్లని తయారుచేసినట్టు, నిన్న దాన్ని మెత్తగా చేయించింది. కుర్రాడు ఆమె చెప్పిందే చేశాడు.

ఇలారియో రోడ్డు మీద గుడ్డ పరిచి స్పానర్లు పేర్చుకున్నాడు. ఇంజను ఆపించి, పంపు నుంచి నాజిళ్లకు వెళ్లే సన్నటి గొట్టాల నట్లు వదులు చేశాడు. పంపుని ఇంజనుకి పట్టి ఉంచేవి రెండు చెవులు. ఒక్కో చెవిలో పొడుగాటి గాడి, ఆ గాడిలోంచి బోల్టు. బోల్టులు వదులు చేస్తే పంపుని ఆ గాడి ఉన్నంత మేర అటూ ఇటూ ఒరిగించవచ్చు. ఇంజను వైపు ఒరిగిస్తే డీజిలు ముందుగా చిమ్ముతుంది, బయటికి ఒరిగిస్తే ఆలస్యంగా. ఆయన జీవితమంతా ఆ గాడిలోనే గడిచింది.

బొటనవేలు ఉమ్మితో తడిపి చెవి అంచు మీది జిడ్డు తుడిచాడు. కింద ఉలి గాట్లు బయటపడ్డాయి. ఒకటి కాదు. పిల్లలు ఎదుగుతుంటే గోడ మీద గీసే గీతల్లా, ఒకదాని పైన ఒకటి, ఒక్కో మేస్త్రీ పెట్టుకున్న గుర్తు. అన్నీ ఒకే దిక్కుకి ఎక్కుతున్నాయి. వాటి మధ్య ఒక ఏటవాలు గాటు, దాని నడుమ చిన్న అడ్డగీత.

"ఇది నాదే," అన్నాడు.

"ఏది?"

"ఈ గాటు. ఈ బండిని నేను తిప్పాను. టోల్‌గేటు దగ్గర. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, మాట్లాడుతుంటే మధ్యలో ఈలేసేవాడు..."

బసీలియా బానెట్టు అంచు పట్టుకుంది. ఫబియాన్ ఒకరోజు ఇంటికొచ్చి, గేటు దగ్గర ఒక ముసలాడు బండిని మేకపిల్లని చేసిపెట్టాడే అని, వంటగదిలో ఈలేస్తూ తిరగడం ఆమెకు గుర్తుంది.

"అప్పటికే రింగులు పోయాయా?"

"పోతున్నాయి."

"మరి ఆయనకి చెప్పలేదేం?"

"చెప్పానమ్మాయ్. నేను అందరికీ చెబుతాను. ఇంజను విప్పించుకోండి, నా పని కాదిది అంటాను. విని, తల ఊపి, 'పంపు తిప్పు మేస్త్రీ' అంటారు. విప్పాలంటే బండి నెల పడుకోవాలి, పిల్లలు పస్తుండాలి. పంపు తిప్పడం ఒక పూట పని. మీ ఆయనా అదే అన్నాడు. ఇంకా ఈలేశాడు కూడా."

ఫబియాన్ ఆ మాట ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. బండి మేకపిల్ల అయిన సంగతి మాత్రమే చెప్పాడు. బసీలియాకి కోపం వచ్చింది, కానీ ఆ కోపం చచ్చిపోయినవాడి మీద పెట్టాలో ఎదురుగా ఉన్నవాడి మీద పెట్టాలో తేలక, "తొందరగా కానీ," అని మాత్రం అంది.

ఇలారియో పంపుని తన పాత గాటు దాకా ఒరిగించి, గొట్టాలు బిగించి, స్టార్ట్ చెయ్యమన్నాడు. ఇంజను లేచింది. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన హెడ్డు మీద ఆన్చి, పిడిని చెవి వెనక ఎముకకి అదిమి కళ్లు మూసుకున్నాడు. మోత కాస్త గట్టిపడింది. పొగ తగ్గింది గానీ పోలేదు.

"చాల్లేదు," అంది బసీలియా. ఆమెకి స్క్రూడ్రైవరు అక్కర్లేదు, అరికాలికే తెలుస్తోంది.

"ఈ గాటు పెట్టిననాటి దమ్ము ఇప్పుడు దీంట్లో లేదు."

"ఇంకా తిప్పు."

ఇంకా తిప్పాడు. ఆయన తర్వాత వచ్చిన మేస్త్రీల గాట్లు ఒక్కొక్కటీ దాటాయి. మోత కటకటలోకి మారింది. పొగ పలచబడింది. ఇంకా తెల్లగానే ఉంది. అన్నిటికంటే పైనున్న గాటు కూడా దాటాక బోల్టు గాడి చివర ఇనుముకి తగిలి ఆగిపోవడానికి గోరంత ఎడం మిగిలింది. ఇలారియో ఇంజను ఆపించాడు.

"తల్లీ, ఇటు విను. ఆ కాస్తా తిప్పితే డీజిలు మరీ ముందు అంటుకుంటుంది. పైకొస్తున్న పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. ప్రతి తిప్పుకీ."

"ఎంతసేపు తట్టుకుంటుంది?"

"కొన్ని బండ్లు ఏళ్లకేళ్లు తట్టుకుంటాయి. కొన్ని వచ్చే మలుపు చూడవు. ఏది ఎలాంటిదో నాకు తెలిస్తే నేనిలా నడుస్తూ ఉండేవాణ్ని కాదు."

ప్రిమితీవా మూటల మధ్యనుంచి ఏదో అనబోయి, బసీలియా మొహం చూసి ఆగింది. కింద జలపాతం చప్పుడు వినిపిస్తోంది గానీ కనిపించడం లేదు. మంచు దాన్ని అప్పుడే మింగేసింది.

"తిప్పు," అంది బసీలియా.

ఆయన తిప్పాడు. బోల్టు గాడి చివర ఆనింది. ఇనుముకి ఇనుము తగిలిన చిన్న చప్పుడు. నట్లు బిగించాడు. ఈసారి గాటు పెట్టలేదు. పెట్టడానికి అక్కడ చోటు లేదు, దానికి మించి తిప్పబోయే మేస్త్రీ కూడా ఎవరూ ఉండడు.

స్టార్ట్ చేస్తే బండి ఒక్క తాపు తన్నింది. రేకులు మోగేలా కొడుతోంది గానీ పొగ లేదు. వెనక గొట్టంలోంచి వేడి గాలి మాత్రమే, దాని వెనక కొండ వణుకుతూ కనిపిస్తోంది.

"ఎక్కు మేస్త్రీ," అంది బసీలియా. "నీ కూలి కింద లా పాస్ దాకా దింపుతా."

"వద్దులే. నేను నడుస్తా."

"చూశావా పిల్లా," అంది ప్రిమితీవా. "వంట చేసినావిడే తిననంటోంది. ఏం కలిపాడో ఏమో ఇందులో!"

ఇలారియో నవ్వలేదు. సంచీ చేత్తో పట్టుకుని కాసేపు తెరిచిన తలుపు పక్కన నిలబడ్డాడు. ఆ తటపటాయింపు ఎందుకో అప్పుడు ఆ ఇద్దరాడవాళ్లకీ తెలియదు. చివరికి చక్రం కింద రాయి తన్నేసి, ముందు సీట్లో, సంచీ ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. కొత్త అల్లుడిలా అంచు మీద కూచున్నాడు.

బండి కదిలింది. రెండో గేరు పడింది. ఆ దారిలో ఈ బండి రెండో గేరు మొహం చూసి ఎన్నాళ్లయిందో. పక్కన లోయ గిర్రున తిరుగుతూ కిందికి పోతోంది, మంచు వెనకబడుతోంది. ప్రిమితీవా మూటలోంచి ఉడకబెట్టిన చిక్కుడుగింజలూ ఇంత జున్నుముక్కా తీసి ముందుకి అందించింది.

"తిను మేస్త్రీ. నిన్ను అనుమానించిన నా నోరు పడ. అపచేత దగ్గర నేలతల్లి పచమామకి పొయ్యడానికి సారా సీసా తెచ్చింది మా పిల్ల. ముందు నీకో మూతెడు పొయ్యమంటావా?"

"ఎక్కాక."

"ఎటు పోతున్నావసలు?"

"బండ్లు ఎటు నడవలేకపోతే అటు."

మాటల్లో పెట్టి లాగితే కొంచెం కొంచెంగా వచ్చింది ఆయన కథ. ఇలాంటి మనుషులు తమ కథని ఇంజను భాగాల్లా విడివిడిగా చెబుతారు. బిగించుకోవడం వినేవాళ్ల పని. కుర్రతనంలో తగరం గనిలో, భూమి లోపలికి గాలి పంపే యంత్రం దగ్గర పని. తగరం ధర పడిపోయి గని మూసేసినప్పుడు జనాన్ని మంచాలతో, పొయ్యిలతో సహా లారీలెక్కించి పంపేశారు. ఆయన కుటుంబం ఎక్కిన లారీ ఒక కొండ మీద ఆగిపోయింది. డ్రైవరు దిగి, ఉలీ సుత్తీ తీసుకుని, పంపుని ఇంత జరిపాడు. చచ్చిన లారీ లేచి కూచుంది. మంచం మీద మంచం పేర్చిన ఆ లారీలో, పెళ్లాం ఒళ్లో పిల్లి, చుట్టూ ఏడుస్తున్న జనం. ఇలారియో మాత్రం ఆ పంపు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇంత చిన్న తిప్పుతో ఇంత పెద్దది లేస్తుందా అని.

తర్వాత షెడ్డు పెట్టుకోలేదు. ఒరూరో ఊళ్లో ఒక గది అద్దెకి తీసుకుని ఎవుస్తాకియాని, అంటే భార్యని, అందులో ఉంచి దార్లు పట్టాడు. ఎక్కడ బండి ఆగితే అక్కడ. "షెడ్డు పెట్టుకోవచ్చుగా?" అని అప్పట్లో ఆవిడ అడిగేది. ఎందుకు పెట్టుకోలేదో ఆవిడకి చెప్పలేదు. ఇప్పుడు, గతుకులకి సంచీ ఎగిరిపడుతుంటే, ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"షెడ్డుంటే బండి తిరిగొస్తుందమ్మాయ్. నేను తిప్పిన పంపు ఎల్లకాలం నిలవదని నాకు తెలుసు. పక్కూరి దాకా నిలుస్తుంది. ఒక్కోసారి ఏడాది నిలుస్తుంది. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాస్తున్నాను కదా. బండి అటు పోతే నేనిటు పోయేవాణ్ని. అది వెళ్లేటప్పటి మోతే నా చెవిలో ఉండేది. బలంగా, ఇదిగో ఇప్పుడు వింటున్నట్టు. ఆ తర్వాతది నేను ఎప్పుడూ వినలేదు."

"అంటే నువ్వు తిప్పిన బండి ఎప్పుడూ ఎక్కలేదా?"

"ఇదే."

ఎవుస్తాకియా సంగతి ప్రిమితీవానే అడిగింది. ఆవిడ ఎదురుచూడటం మానేసి తమ్ముడింటికి వెళ్లిపోయిందని ఆయనకి తెలిసేసరికి, ఆ గదిలో వేరేవాళ్ల పిల్లలు ఆడుకుంటున్నారు. అక్కణ్నుంచీ దారి పట్టాడు.

"ఇప్పుడు పనేం ఉంటుంది నీకు?" అంది ప్రిమితీవా, మాట మార్చాలని. "అన్నీ కొత్త వ్యాన్లే కదా. వాటికి పంపు లేదా?"

"ఉంది. పట్టుకు తిప్పడానికి చెవుల్లేవు. లోపల కంప్యూటరు ఉంది, అదే తిప్పుకుంటుంది. ఎవర్నీ అడగదు."

పచ్చచెట్లు అయిపోయి గడ్డి మొదలైంది. గడ్డి అయిపోయి రాళ్లు మొదలయ్యాయి. చలి కిటికీ సందుల్లోంచి దూరింది. మామూలుగా ఈ ఎత్తుకి వచ్చేసరికి కటకట నెమ్మదించాలి. నెమ్మదించలేదు. ఇలారియో మాట్లాడటం మానేశాడు. అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆన్చి ఉంచాడు. బసీలియా పాట హమ్ చేస్తోంది. ఫబియాన్ ఈలేసే పాటే, తనకి తెలియకుండానే.

అప్పుడు మోత మారింది. గట్టిపడలేదు. నాలుగు సుత్తుల్లో ఒకటి కొంచెం ఆలస్యంగా, కొంచెం మెత్తగా పడుతోంది.

"అమ్మాయ్, గేరు తీసెయ్. ఆపు."

"ఏమైంది?"

"ఆపెయ్. ఇప్పుడాపితే ఇంజను మిగులుతుంది. చల్లారాక పంపు వెనక్కి తిప్పుతా, మెల్లగా కిందికి దిగొచ్చు."

ఆఖరి మలుపు తిరిగారు. ఎదురుగా, రోడ్డు తిన్నగా ఎక్కేచోట, ఆకాశానికి ఆనుకుని అపచేత కనిపించింది. ఆ దారిన పోయే ప్రతి మనిషీ ఒక్కో రాయి వేస్తే తరాలుగా పెరిగిన రాళ్లగుట్ట, దాని మీద గాలికి కొట్టుకుంటున్న రంగుగుడ్డలు. పక్కన రిబ్బన్లు కట్టిన తెల్ల వ్యాను. వ్యాను పక్కన నిలబడ్డ మనుషులు చలికి చేతులు రుద్దుకోవడం కూడా కనిపిస్తోంది.

"అదిగో మేస్త్రీ! అదిగో!"

"కనిపిస్తోంది. ఆపు తల్లీ."

బసీలియా కుతిపా ఆపలేదు. ఆమె స్థానంలో ఎవరున్నా ఆపరు. ఇప్పుడాపితే బండి మిగులుతుందేమో, చోటు పోతుంది. చోటు లేని బండి ఎక్కడ నిలబెట్టుకోవాలి? కాలు పెడలు మీద ఇంకా నొక్కింది. బండి నిజంగానే వేగం అందుకుంది. రాళ్లగుట్ట పెద్దదవుతోంది. గుడ్డల్లో ఎర్రదేదో పసుపుదేదో తెలుస్తోంది.

బానెట్టు కింద ఏదో విరిగింది. పెద్ద చప్పుడేం కాదు. కుండ నేల మీద పెట్టబోయి కాస్త గట్టిగా పెడితే వచ్చే చప్పుడు. ఆ వెంటనే గలగల, ఆ వెంటనే అద్దం మీదికి నూనె, బండి చుట్టూ నీలం పొగ. చక్రాలు తమ వేగం మీద మరికాస్త దూరం దొర్లి, ఇంజను బిగుసుకుపోయి, బండి నిలబడిపోయింది.

ఇలారియో దిగి రాయి వెతికి వెనక చక్రం కింద పెట్టాడు.

తర్వాత ప్రిమితీవా పావడాలు ఎగ్గట్టి కిందికి దూకింది. "తోద్దాం! పొగలో ఎవడికి కనిపిస్తుంది? రా పిల్లా! మేస్త్రీ, నువ్వూ పట్టు!" ఆడవాళ్లిద్దరూ భుజాలు ఆన్చారు. నిండు బరువు, నిట్టనిలువు ఎక్కుడు, పలచటి గాలి. బండి కదల్లేదు. ప్రిమితీవా ఆయాసంతో రోడ్డు మీదే కూలబడి, మూటల్ని తిట్టడం లంకించుకుంది. ఇలారియో చెయ్యి వెయ్యలేదు. బానెట్టు ఎత్తి, వేడికి వేళ్లు కాలుతున్నా ఆయిలు మూత తీసి, రంధ్రం మీద అరచెయ్యి పెట్టాడు.

దోన్ రెమీహియో పైనుంచి నడుచుకుంటూ దిగి వచ్చాడు, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని. చెడ్డవాడేం కాదు. ఫబియాన్ శవపేటిక మోసినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

"దోన్యా బసీలియా, చాలా బాగా వచ్చారు. పైనుంచి చూసి, ఇదెవరి బండ్రా అనుకున్నాం."

"కాస్త దూరమే కదా దోన్ రెమీహియో! అదిగో, రాయి విసిరితే పడేంత!"

"చూస్తున్నానమ్మా."

"ఎక్కిందనే రాసుకోండి."

"ఎలా రాసుకోను? పైన అందరూ చూస్తున్నారు. ఇవాళ మీకు రాస్తే, కింద ఆగిపోయినవాళ్లు ఊరుకుంటారా? నియమం నేనొక్కణ్నే పెట్టలేదు కదా." కాసేపు నేల చూశాడు. "నా దగ్గర తాడుంది. లాగిస్తాను. కానీ లాగితే..."

"తెలుసు."

"మంచు వచ్చేదాకా ఉంటాం. ఈలోపు కదిలితే సరేసరి."

కదలదని ఆయనకీ తెలుసు. మర్యాదకి అన్న మాట అది. ఆయన పైకి వెళ్లిపోయాడు. మంచు ఆఖరి మలుపు తిరిగి, రోడ్డంతా పరుచుకుంటూ, తాపీగా వస్తోంది. బసీలియా డ్రైవరు సీట్లో కూచుని, నూనె పడి గుడ్డిదైన అద్దంలోంచి ఎదురుగా చూస్తోంది. సారా సీసా గేరు పక్కన సందులో బిరడా తియ్యకుండా అలాగే ఉంది.

ఆమె తిట్టలేదు. తిడితే ఇలారియోకి నయంగా ఉండేదేమో. ఆమె మామూలు గొంతుతోనే అడిగింది, పనిలో పడ్డ మనిషిలా.

"మేస్త్రీ, దీన్ని విప్పితే ఇప్పుడేమైనా మిగులుతుందా?"

జవాబు రాలేదు. ఎత్తిన బానెట్టు అడ్డంగా ఉంది. ఆయన దాని వెనకే ఉన్నాడనుకుని, ఆమె మళ్లీ అడిగింది. "పిస్టన్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా? మేస్త్రీ?"

తల బయటపెట్టి చూస్తే బానెట్టు వెనక ఎవరూ లేరు. చేతులు తుడుచుకున్న గుడ్డముక్క పంపు మీద మడిచి పెట్టి ఉంది. ఆయన అప్పటికే రోడ్డు మధ్యకి చేరి, భుజాన గోనెసంచీతో పైకి వెళుతున్నాడు.

"ఏయ్ మేస్త్రీ!" అని ప్రిమితీవా అరిచింది. "ఒక్క మాటైనా చెప్పకుండా పోతావా? ఇలారియో!"

ఆయన వెనక్కి తిరగలేదు. రిబ్బన్ల వ్యాను పక్కనుంచి నడిచాడు. డ్రైవరు తలుపు తీసి ఎక్కమన్నట్టు చెయ్యి ఊపితే ఆగలేదు. అపచేత దగ్గర కూడా ఆగలేదు. అక్కడ వంగి ఒక రాయైనా వెయ్యకుండా ఎవరూ కొండ దాటరు. ఆయన వెయ్యకుండానే దాటాడు. జలపాతం మలుపు దగ్గర బండి పక్కన నడిచిన నడకే, తొందరా లేదు, ఆగడమూ లేదు. ముందు టోపీ, తర్వాత సంచీ, చివరికి కాళ్లు, కొండకి అటువైపు దిగిపోయాయి.